పాత మిద్దె దూలంతో కెనూకు కొత్త అంచులు

తెడ్డుతో నడిపే సన్నని పడవ కెనూ. కెనూ అనగానే అందరి చూపూ నీటిలో తేలే దాని తొట్టి మీదికే పోతుంది గాని, ఆ తొట్టిని ఆకారంలో నిలబెట్టేది పైన చుట్టూ ఉండే కట్టె పనే. రెండు పక్కలా అంచుకు లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున బిగించిన పొడవాటి పట్టీలు, ఈ పక్క నుంచి ఆ పక్కకు వేసిన అడ్డబద్దలు, కూర్చునే పీటలు, అణియం (ముందు కొస) దగ్గరా అమరం (వెనుక కొస) దగ్గరా మొనలను కప్పే ముక్కోణపు పలకలు, ఇవన్నీ ఒకదానినొకటి పట్టుకుని ఉంటేనే పడవకు నడుము నిలుస్తుంది. వీటిని ఊడదీసి చూస్తే, అంతవరకు రాయిలా కనిపించిన ఫైబరు గోడ అరచేతితో నొక్కితే చాలు లోపలికి వంగుతుంది. అందువల్ల కట్టె పని పాడైన కెనూను రంగు వేసి సరిపెట్టుకోవడం కుదరదు.

నాకు దొరికినది 16 అడుగుల ఫైబరు కెనూ. బెంగళూరు శివారులో మూతపడిన ఒక విడిది వాళ్లు పాత సామాను కింద అమ్మేస్తుంటే కొన్నాను. కర్నూలు ఉల్లిగడ్డలను అక్కడ దించి ఖాళీగా తిరిగివస్తున్న లారీలో అది మా ఇంటికి చేరింది. తొట్టికి గీతలు తప్ప దెబ్బలు లేవు. కట్టె సంగతి మాత్రం దయనీయంగా ఉండింది. కుడివైపు బయటి పట్టీ నిలువునా చీలిపోయింది, నాలుగు పట్టీల కొసలూ మెత్తబడ్డాయి, నడిమి అడ్డబద్ద విరిగింది, ముందు పీట అల్లిక తెగింది, వెనుక పీట కూసాలు కదిలి చేతిలోకి ఊడి వచ్చింది.

కర్నూలులో కెనూ ఏమిటని నవ్విన మిత్రులు ఉన్నారు. ఈ ఊరి మధ్యగా పారే కె.సి. (కర్నూలు-కడప) కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వించినప్పుడు సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించిందనీ, తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సరుకుల పడవలు నడవాలని కలలు కన్న ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కోవలసి వచ్చిందనీ వారికి గుర్తు చేశాను. తుంగభద్రలో చేపలు పట్టేవారి పుట్టి ఎలాగూ ఉండనే ఉంది. వెదురు బద్దలతో అల్లి, కింద పట్టా కప్పి, తారు పూసే ఆ పుట్టి పాడైతే మరొకటి అల్లుకోవడం తేలిక కాబట్టి, కట్టె ముక్కల కోసం నేను పడుతున్న తాపత్రయం నది ఒడ్డున ఉండేవారికి వింతగానే తోచింది.

పని మొదలుపెట్టే ముందు, ఏ భాగం ఎందుకు పాడైందో తేల్చుకోవాలి. చెప్పులు కుట్టేవారు వాడే ఆర ఒకటి తెచ్చి, ప్రతి పట్టీనీ జానెడుకొక చోట పొడిచి చూశాను. గట్టి కట్టెలో ఆర మొన దిగదు, దిగినా బిగిసి నిలుస్తుంది. పుచ్చిన చోట తడిసిన రొట్టెలోకి దిగినట్టు దిగి, బయటికి తీసినప్పుడు గోధుమరంగు పొడి వెంట వస్తుంది. ఆ చోట్లన్నిటికీ సుద్దతో గుర్తులు పెట్టి దూరంగా నిలబడి చూస్తే విషయం బోధపడింది. పుచ్చు అంతా ముక్కోణపు పలకల కిందా, స్క్రూ తలల చుట్టూ, పట్టీకీ ఫైబరుకూ మధ్యనున్న సన్నని సందులోనూ ఉంది. ఎండ నేరుగా తగిలే పైముఖాలలో పుచ్చు లేదు, పగుళ్లు మాత్రం ఉన్నాయి.

కట్టెను తినే బూజుకు కట్టె బరువులో సుమారు ఐదోవంతు తేమ ఉంటేనే బతుకు. మన జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున ఏడువందల మిల్లీమీటర్లకు మించదు, మిగిలిన కాలమంతా గాలి పొడిగానే ఉంటుంది. అలాంటి చోట కట్టె పుచ్చాలంటే నీళ్లు ఎక్కడో చిక్కుకుని, గాలి తగలక, వారాల తరబడి నిలిచి ఉండాలి. వానకు తడిసిన కెనూను బోర్లిస్తే లోపలి నీళ్లు రెండు మొనలకూ జారి ఆ పలకల లోపలి వైపే ఆగుతాయి. ఎండ చేసే హాని వేరు. కట్టెలోని నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో విరగ్గొడతాయి. పైన వేసిన వార్నిష్‌కు పట్టు పోయి పొరలు పొరలుగా లేస్తుంది, ఆ కింద కట్టె బూడిదరంగుకు తిరిగి పగులుతుంది. నలభై డిగ్రీలు దాటే వేసవి మూడు నెలలు ఉండే ఊళ్లో కెనూకు నీటి కంటే నిలిచిన నీరు, దానికంటే ఎండ పెద్ద శత్రువులని నా నిశ్చయం. ఆ తరువాత చేసిన ప్రతి పనినీ ఈ నిశ్చయాన్ని పట్టుకునే చేశాను.

మా వీధి వెల్డింగు షాపు అతను ఇనుప యాంగిల్ వేస్తే సాయంత్రానికి పని అయిపోతుందన్నాడు. ఇనుము బరువు, పైగా తుప్పు. అల్యూమినియం పట్టీలు వేసుకునేవారు చాలామందే ఉన్నారు, అది తప్పని నేను అనను గాని, ఒకసారి రాయికి గుద్దుకుని వంగిన అల్యూమినియం మళ్లీ సూటిగా రాదు. వైశాఖ మాసపు మధ్యాహ్నం దాని మీద చెయ్యి వేయడం కూడా సాధ్యం కాదు. కట్టె దెబ్బను కొంత తనలో ఇముడ్చుకుంటుంది, పాడైనంత మేరకు కోసి అతకవచ్చు, ఆ అతికే పని తెలిసిన వడ్రంగి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

ఏ కట్టె అన్నది తరువాతి ప్రశ్న. విదేశాలలో ఈ పనికి ఎక్కువగా వాడే యాష్ అనే కట్టె మన దగ్గర సులువుగా దొరకదు, దొరికినా అది తేమకు నిలిచే కట్టె కాదు. కడప నుంచి వచ్చిన బంధువు ఒకరు ఎర్రచందనం మాట సరదాగా ఎత్తారు. ఆ కట్టెను ఇంట్లో పెట్టుకుంటే వచ్చే చిక్కుల సంగతి అటుంచి, చేవ దేరిన ఎర్రచందనం నీళ్లలో మునుగుతుంది కాబట్టి, పడవ అంచుకు అంతకంటే పనికిరాని కట్టె ఉండదు. టేకు తేలిక, సహజమైన నూనె ఉన్నది, పుచ్చుకూ చెదలుకూ లొంగనిది. కాని సామిల్లులో దొరికే కొత్త టేకు లేతది. అందులో తెల్ల భాగం ఎక్కువ, ఆరి ఉండదు, కోసి తెచ్చాక మెలితిరుగుతుంది.

పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు, వాకిళ్లు అమ్మే అంగళ్లు కర్నూలులో కొన్ని ఉన్నాయి. అక్కడ పదకొండు అడుగుల టేకు దూలం ఒకటి దొరికింది. పొగ పట్టి, సున్నం చారలతో నల్లగా ఉన్నా, ఒక మూల చిత్రిక పట్టి చూస్తే లోపల తేనెరంగు చేవ, చివరిదాకా సూటిగా పోయిన నార కనిపించాయి. ఏ కప్పు కిందో తరాల తరబడి ఆరిన కట్టె ఇక మెలితిరిగే ప్రశ్న లేదు. పాత దూలంతో ఉన్న ఇబ్బంది లోపల దాగిన మేకులు. ఒక్క మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి కాబట్టి సామిల్లు యజమాని మొదట ఒప్పుకోలేదు. పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలం నాలుగు ముఖాలా ఆనించి తిప్పుతూ, అది లాగిన ప్రతిచోటా తవ్వి మేకులు తీసి చూపించిన తరువాతే ఆయన రంపం మీదికి ఎక్కించారు.

పాత పట్టీలను విప్పే ముందు తప్పనిసరిగా చేయవలసిన పని ఒకటి ఉంది. అడ్డబద్దలు ఉన్న ప్రతిచోటా పడవ వెడల్పును కొలిచి రాసుకోవాలి, ఆ కొలతకు సన్నని కర్రలు కోసి తాత్కాలికంగా అడ్డం కట్టాలి. పట్టీలు ఊడిన మరుక్షణం ఫైబరు తొట్టి తన ఇష్టం వచ్చినట్టు తెరుచుకుంటుంది. తెరుచుకున్న తొట్టికి కొత్త పట్టీలు బిగిస్తే పడవ వెడల్పై, మధ్యలో చదునై, నీటి మీద మొరాయిస్తుంది. నాకు తోడుగా పనిచేసిన ఆచారి గారు తలుపులు, కిటికీలు చేయడంలో దిట్ట. ఆయన మూలమట్టాన్ని అటూ ఇటూ ఆనించి చూసి, “ఇది తలుపు చట్రం గాదు సార్, దీనికి యాడా మూలమట్టం కూచోదు” అని పక్కన పెట్టేశారు. ఆ తరువాత దారం, కంటిచూపు, అట్టముక్కల మీద గీసుకున్న అచ్చులే మాకు కొలబద్దలయ్యాయి.

పట్టీ ఒక్కొక్కటి 17 అడుగులు కావాలి, దూలం పదకొండు అడుగులే. కాబట్టి ప్రతి పట్టీకీ ఒక ఏటవాలు అతుకు తప్పలేదు. అతుకు వాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలన్నది పడవ పనిలో పాటించే లెక్క. మా పట్టీ మందం ముప్పావు అంగుళం కాబట్టి వాలు 6 అంగుళాలు వచ్చింది. రెండు ముక్కల కొసలనూ ఒకదానిపై ఒకటి మెట్టుగా పేర్చి ఒకేసారి చిత్రిక పడితే రెండు వాలులూ సరిగ్గా కలుస్తాయి. ఈ ఉపాయాన్ని ఆచారి గారికి నోటితో వివరించబోతే ఆయన విననట్టే ఉండి, ముక్కలు పేర్చుకుని, నా మాట పూర్తయ్యేలోపు రెండు వాలులూ తేల్చేశారు. లోపలి పట్టీ అతుకు అణియం వైపు వస్తే, బయటి పట్టీ అతుకు అమరం వైపు వచ్చేలా చూసుకోవాలి. రెండు అతుకులూ ఒకేచోట పడితే పడవ అక్కడే విరుగుతుంది.

టేకుకు ఉన్న నూనె గుణం పుచ్చుకు మందు గాని, జిగురుకు మాత్రం అడ్డం. అందుకని వాలు ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు పూయాలి. వాడినది ఎపాక్సీ. రెండు ద్రవాలను కలిపిన క్షణం నుంచి అది వేడిని పుట్టిస్తూ గట్టిపడుతుంది కాబట్టి, మన ఎండల్లో లోతైన గ్లాసులో కలిపితే పూయక ముందే పొగలు వస్తుంది. వెడల్పాటి పళ్లెంలో పలుచగా కలుపుకుని, సాయంత్రం చల్లబడే వేళ పూయడం మేలు. ఉదయం పూస్తే, పొద్దెక్కేకొద్దీ కట్టె రంధ్రాలలోని గాలి వ్యాకోచించి జిగురులో బుడగలు లేపుతుంది. సాయంత్రం ఆ బెడద ఉండదు. మొదట ఉత్త ఎపాక్సీని పూసి కట్టె తాగినంత తాగనిచ్చి, రెండోసారి సన్నగా జల్లించిన టేకు పొట్టు కలిపి ముద్దగా పట్టించాము. మా వరండాలో పరచిన నాపరాళ్ల మీద ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద పట్టీని సూటిగా పడుకోబెట్టి, అతుకును క్లాంపులతో నిదానంగా బిగించాము. బలం ఉన్నంతా వాడి బిగిస్తే జిగురు మొత్తం బయటికి వచ్చి అతుకు ఎండిపోతుంది. బల్లచదునుగా ఉండే నాపరాయి కర్నూలు, కడప ఇళ్లలో కాళ్ల కింద ఉచితంగా దొరుకుతుంది, దీని విలువ ఇలాంటి పనిలోనే తెలుస్తుంది.

లోపలి పట్టీ విషయంలో పాత తీరును మార్చాను. మునుపు అది మొదటి నుంచి చివరి దాకా ఫైబరుకు అతుక్కుని ఉండేది. పడవను బోర్లించినప్పుడు ఆ సందులో నీళ్లు ఆగి కదలకపోవడమే సగం పుచ్చుకు కారణం. కొత్త పట్టీకి ఫైబరు వైపు ముఖాన మూడంగుళాల గాడి, మూడంగుళాల దిమ్మె చొప్పున వరుసగా చెక్కించాను. గాడి లోతు పావు అంగుళమే. ప్రతి దిమ్మె నడుమ ఒక స్క్రూ పడుతుంది, ప్రతి గాడిలోంచి నీళ్లు జారి గాలి ఆడుతుంది. బరువు కూడా కొంత తగ్గుతుంది. ఉలితో ఇన్ని గాడులు తీయడం విసుగు పుట్టించే పని అయినా, మొత్తం మరమ్మతులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

పట్టీ నడుమ భాగంలో మామూలుగానే వంగుతుంది. మొనల దగ్గర పైకి లేచే వంపు మాత్రం మొండిది. టేకు బాగా వంగే జాతి కాదు. ఆవిరి పెట్టె కట్టుకునే బదులు, చివరి మూడు అడుగులకూ గోనెపట్టా చుట్టి, మరిగే నీళ్లు చెంబుతో మళ్లీ మళ్లీ పోస్తూ వచ్చాము. గోనె వేడిని పట్టి ఉంచుతుంది. కట్టె కాస్త సడలిందని చేతికి తెలిసినప్పుడు, నడుమ నుంచి మొదలుపెట్టి మొనల వైపుకు ఒక్కొక్క క్లాంపు వేసుకుంటూ పోయి, అలాగే ఆరనిచ్చాము. మొన నుంచి మొదలుపెడితే నడుమ ఎక్కడో ఉబ్బు మిగిలిపోతుంది. ఆరిన తరువాతే స్క్రూలు. అవి స్టెయిన్‌లెస్ స్టీలువి, అంగుళంన్నర పొడవు, లోపలి పట్టీ నుంచి ఫైబరు గుండా బయటి పట్టీలోకి. ప్రతిదానికీ ముందు సన్నని బెజ్జం వేసి, స్క్రూ మరకు కొవ్వొత్తి మైనం రుద్ది బిగిస్తే కట్టె చీలదు.

పట్టీకీ ఫైబరుకూ మధ్య సిలికాన్ నింపమని సలహా ఇచ్చినవారున్నారు. నేను నింపలేదు. సిలికాన్ తగిలిన చోట మళ్లీ ఏ నూనే, ఏ వార్నిషే పట్టదు, పైగా లోపలికి చేరిన నీటికి బయటపడే దారి మూసుకుపోతుంది. ఎపాక్సీతో పట్టీలను శాశ్వతంగా అతికించడమూ అంతే. రేపు ఎవరో ఒకరు విప్పవలసిన వస్తువును విప్పడానికి వీల్లేకుండా చేయడం మంచి పని అనిపించుకోదు.

నడిమి అడ్డబద్దకు టేకు వాడలేదు. ఇద్దరు మోసేటప్పుడూ, పక్కనుంచి ఒత్తిడి వచ్చినప్పుడూ ఎక్కువ భారం పడేది దాని మీదే కాబట్టి, ఎద్దుల బండ్ల సామాను చేసేవారి దగ్గర మిగిలిన చిరిమాను ముక్క తెచ్చాము. ఇరుసులకూ కావడి బద్దలకూ వాడే కట్టె అది, వంగి లేస్తుందే తప్ప పుటుక్కున విరగదు. నడుమ కాస్త వెడల్పుగా ఉంచి చివరలకు సన్నగా దించి, ముందు రాసుకున్న కొలతకు సరిగ్గా కోసి, పట్టీల కింద బోల్టులతో వేలాడదీశాము.

పీటలకు బెత్తం అల్లిక అందంగా ఉంటుంది, కాని ఇక్కడి పొడి గాలికి అది పెళుసై తెగుతుంది. మంచాలకు వాడే ప్లాస్టిక్ నవారు తెచ్చి, నిలువు వరుసలను ముందుగా గట్టిగా లాగి చట్రం కింద ఇత్తడి మొలలతో కొట్టి, అడ్డ వరుసలను ఒకటి పైకి ఒకటి కిందికి దూర్చి అల్లాము. నూలు నవారు మెత్తన గాని, నీళ్లు తాగి నిలుపుకుంటుంది కాబట్టి వద్దనుకున్నాను. మా అమ్మ పక్కనే కూర్చుని, “మంచం అల్లేటప్పుడు చివరి రెండు వరుసలే అసలు పరీక్షరా, అవి వదులైతే నెలకే కుంగుతుంది” అని హెచ్చరించింది. ఆ రెండు వరుసలనూ ఆమె చేతికే ఇచ్చాను. పీట ఎత్తు పెంచే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవడం మంచిది. కూర్చునే ఎత్తు రెండు అంగుళాలు పెరిగినా కెనూ ఊగిసలాట వెంటనే తెలుస్తుంది.

మొనల మీది ముక్కోణపు పలకలను మిగిలిన టేకుతోనే చేశాము. పడవ లోపలి వైపు అంచును నెలవంక ఆకారంలో కోసి, కింద నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ వదలడం వల్ల ఇప్పుడు అక్కడ గాలి ఆడుతుంది. పాత పట్టీలలో పుచ్చని ముక్కలను పీట చట్రాలకు వాడుకున్నాము. వాటి మీద పాత ఇనుప స్క్రూల చుట్టూ నల్లని మరకలు ఉండేవి, కట్టెలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే వచ్చే మరకలవి. మొజాయిక్ గచ్చుకు పాలిష్ పట్టేవారు వాడే ఆక్సాలిక్ ఆమ్లం హార్డ్‌వేరు అంగట్లో దొరుకుతుంది. వేడినీళ్లలో కలిపి బ్రష్షుతో పూస్తే మరకలు చాలావరకు పోయాయి. అది విషం కాబట్టి చేతికి తొడుగులు వేసుకుని, తరువాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఆరిన కట్టెను ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

చివరిది పూత. వార్నిష్ వేసిన కెనూ కొత్తలో అద్దంలా మెరుస్తుంది, మా ఎండలకు ఆ మెరుపు పగిలిన చోటల్లా గీకి తీసి మళ్లీ వేయాలి. నేను మరిగించిన అవిసె నూనెలో కొంత టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్ది, కట్టె తాగనిది పావుగంట తరువాత తుడిచేశాను. పైన జిగటగా మిగలకూడదు. నూనె పూతకు మెరుపు తక్కువ, తరచుగా వేయాలి, కాని గీకే పని ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం మరువరాదు. అవిసె నూనె తాగిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతట అవే అంటుకుంటాయి. వాటిని తీగ మీద విడివిడిగా ఆరేసి, ఆ తరువాతే పారేయాలి.

ఇప్పుడు కెనూ రేకుల షెడ్డు కింద రెండు కర్ర గుర్రాల మీద బోర్లా ఉంటుంది. పట్టా కప్పితే కట్టెకు తగలకుండా కప్పుతాను. ఉగాదికి ఒకసారి, వానలు ఆగాక ఒకసారి నూనె పట్టిస్తాను, ఎండాకాలం చివర స్క్రూలన్నీ తడిమి వదులైనవాటిని పావు మర తిప్పుతాను. తుంగభద్రలో రాళ్లు ఎక్కువ కాబట్టి, కుడివైపు బయటి పట్టీకి ఒక బండ రాసుకుని ఇప్పటికే వేలెడు చెక్కు లేచింది. ఆచారి గారు ఆ భాగంలో నాలుగు స్క్రూలు విప్పి, దెబ్బతిన్నంత మేర వాలుగా కోసి, అదే దూలంలో మిగిలిన ముక్కను అతికి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లిపోయారు.